రెండో ముక్కు

మాల్ సంత దాటినంక రోడ్డు ఎడమకు వంగే కాడ
నా రేకుల షెడ్డు.
బుధవారం పొద్దుగాల ముత్తిలింగం పికప్పు
దగ్గుకుంట వచ్చి ఆగింది.
పదమూడేండ్ల బండి, పెట్రోలుది.
తొట్టినిండ బత్తాయిలు, పైన తడి గోనెలు,
మీటర్ల నడుమ పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ
ఆరకుండ.

"పెద్దనా, దీని కడుపుల గడ్డ ఉన్నదట, పీకెయ్యి.
పీకిచ్చుకున్నోళ్ల బండ్లు గాలిపటాల లెక్క పోతున్నయ్.
లోపటి సామానుకు ఆరు వేలిస్తనన్నడు
పాతినుము ఖాజా."

నేను దబ్బున బండి కిందికి దూరలేను.
మర్రిగూడ బోరునీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు,
మడతవడవు.
ఇద్దయ్య గోనె పరుస్తడు,
నేను దూలం లెక్క పక్కకు ఒరిగి
ఇంచు ఇంచు జరుగుత.

సైలెన్సర్ గొట్టం నడుమ ఉబ్బిన డబ్బా.
దాన్లో మట్టిని కాల్చి చేసిన తేనెతుట్టె,
గదుల గోడలకు కంటికానని ఖరీదైన పూత.
విషం ఆ గదులల్లకెళ్లి నడిచి
కొంచెం నిమ్మళపడి బయటికొస్తది.
డబ్బాకు ముందొక ముక్కు, ఎనకొక ముక్కు.
ముందుది ఇంజన్ ఊపిరి వాసన చూస్తది,
బువ్వెక్కువైందా, గాలెక్కువైందా అని.
ఎనకది
డబ్బా పని చేసిందా, పండుకున్నదా అని.

వేడి కొలిచే తుపాకి పెట్టి చూసిన.
లోపలికొచ్చే మూతికంటె పోయే మూతి కాడ
ముప్పై డిగ్రీలు ఎక్కువ.
పొయ్యి ఆరలేదన్నట్టు.
స్కానర్ గుచ్చితే ఎనక ముక్కు గీత నిలకడగ ఉన్నది,
ఎగిరెగిరి పడాల్సిన ముందు గీత
సచ్చిన పాము లెక్క సాగి ఉన్నది.

"గడ్డ లేదు గిడ్డ లేదు. ముందు ముక్కుకు పడిశం పట్టింది."
"ఎంతయితది?"
"మూడువేల రెండొందలు."
ముత్తిలింగం బత్తాయిల దిక్కు చూసిండు.

నేనేం సత్తెకాలపోన్ని కాదు.
పోయినేడు తొమ్మిది డబ్బాలు కోసిన ఈ చేతుల్తోనే.
తేనెతుట్టెను రాడ్డుతోని పొడిచి, పెంకులు దులిపి,
ఉత్త డబ్బాను మల్ల వెల్డింగ్ చేసిన.
ఎనక ముక్కు ఒర్రకుండ
దాని కింద బొటనవేలంత గొట్టం బిగించి
వాసనకు ఎడంగ లేపి కూసోవెట్టిన.
ముక్కుకు అబద్ధం నేర్పుడు
పది నిమిషాల పని.
తొమ్మిదో బండిని స్టార్ట్ చేసిన నాడు బయట వాన,
షట్టర్ సగం దించి ఉన్నది.
ఇద్దయ్య తెల్లారేదాక దగ్గిండు.
అంతకుమించి నన్ను అడుగొద్దు.

సెన్సర్ వేసిన, డబ్బులు బాకీ రాసుకున్న.
బొమ్మ ఆరింది, దగ్గు ఆగింది,
ముత్తిలింగం రెండు డజన్ల బత్తాయిలు దించి పోయిండు.

నెల తిరిగింది.
బండి కంటె ముందు దాని సప్పుడు వచ్చింది.
ఇబ్రహీంపట్నంల ఎవరో కోసిండ్రు.
గొట్టం పెట్టుడు మరిచిండ్రో, రాదో,
ఎనక ముక్కు ఒర్రుతనే ఉన్నది స్కానర్ల.
మరి బొమ్మ?
మీటర్ అద్దం మీద గోరంత నల్ల టేపు.
"ఆరు వేలు చిట్టీకి కట్టిన పెద్దనా" అన్నడు
నేనడుగకముందే.
నా బాకీల సంగతి ఎత్తలే, నేనూ ఎత్తలే.

మా వాడ పంపుకు ఒకనాడు
జీపుల వచ్చినోళ్లు ఎర్రరంగు ఏసి పోయిండ్రు,
తాగొద్దని.
రంగు లేని పంపు రెండు మైళ్ల దూరం.
మా అవ్వ ఎర్ర పంపు కిందనే బిందె వెట్టింది.
కొన్నేండ్లకు ఎండకు రంగు వెలిసి
అది కూడ మంచి పంపు లెక్కనే కనవడ్డది.

టేపు పీకలే.
ఆయిల్ మార్చి పంపిన.
బండి మలుపు తిరిగినంక శానసేపు
షెడ్డుల పచ్చి పెట్రోలు వాసన,
దాని అడుగున సన్నగ బత్తాయి తొక్క వాసన.
ఇద్దయ్య ఊపిరి బిగవట్టి నా దిక్కు చూసిండు.
నేను నా మోకాళ్ల దిక్కు.